జ్వరం మాత్ర – మేలు, మెలకువ

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో గంజాం అనే చిన్న పట్టణం ఉంది. మన జిల్లాకు ఆ ఊరి పేరే వచ్చింది. ఒకప్పుడు అదే జిల్లాకు ముఖ్యపట్టణం. కోట, ఓడల రాకపోకలు, ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద భవనాలు అక్కడ ఉండేవి. 1815లో ఆ పట్టణంలో విషజ్వరాలు చెలరేగాయి. ఎందరో మరణించారు. చివరకు దొరలు తమ కార్యాలయాలను అక్కడి నుండి తరలించవలసి వచ్చింది. ఆ తరువాత ఆ పట్టణం పూర్వపు వైభవాన్ని తిరిగి పొందలేదు. నేడు జిల్లా కేంద్రం ఛత్రపురం, పెద్ద నగరం బరంపురం. జ్వరం ఒక ఊరి తలరాతనే మార్చివేసింది.

ఆనాటి ప్రజలకు జ్వరం ఎందుకు వస్తుందో తెలియదు. చెడుగాలి వలన వస్తుందని కొందరు, దేవత కోపం వలన వస్తుందని కొందరు అనుకునేవారు. నేలవేము కషాయం, తిప్పతీగ రసం, శొంఠి నీళ్లు ఇచ్చి, తడిగుడ్డ వేసి దైవం మీద భారం వేసేవారు. నేడు అలా కాదు. మన ఇళ్లలో ఏ డబ్బా మూత తీసినా తెల్లని మాత్రల అట్ట ఒకటి కనబడుతుంది. ఒళ్లు వెచ్చబడితే ఆ మాత్ర, తలనొప్పి వస్తే ఆ మాత్ర, నడుము పట్టేస్తే ఆ మాత్ర. దాని అసలు పేరు పారాసెటమాల్. ఇంతగా మన ఇంటి మనిషైపోయిన ఈ మందును గురించి మనకు తెలిసినది ఎంత? అది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, ఎప్పుడు కీడు చేస్తుంది? ఈ మూడు సంగతులూ తెలుసుకుందాం.

ముందుగా జ్వరం అంటే ఏమిటో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి శరీరం వేడి సుమారు 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఎండాకాలంలోనూ చలికాలంలోనూ అది ఇంచుమించు ఒకే తీరుగా ఉండడానికి కారణం మన మెదడులోని ఒక చిన్న భాగం. ఆటోమేటిక్ ఇస్త్రీపెట్టెలో వేడిని అదుపు చేసే మీట ఉంటుంది కదా! ఆ భాగం అటువంటిదే. రోగక్రిములు శరీరంలో ప్రవేశించినప్పుడు రక్తంలోని రక్షక కణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావం వలన మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై, ఆ మీటను పైకి జరుపుతుంది. అప్పుడు 98.6 డిగ్రీలు చాలవనీ, 102 కావాలనీ మెదడు శరీరానికి ఆజ్ఞ ఇస్తుంది. ఆ వేడిని పుట్టించడానికే మనకు వణుకు వస్తుంది. దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. అంటే జ్వరం దానంతట అది ఒక రోగం కాదు. శరీరంలో ఏదో పోరాటం జరుగుతున్నదని తెలిపే గుర్తు.

పారాసెటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తుంది. మీట మళ్లీ కిందికి దిగుతుంది. చెమట పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. నొప్పిని మెదడుకు తెలియజేసే మార్గాల మీద కూడా ఈ మందు పనిచేస్తుంది కనుక తలనొప్పి, పంటినొప్పి, ఒళ్లునొప్పులు కొంత తగ్గుతాయి. మాత్ర వేసుకున్న అరగంట నుండి గంటలోగా గుణం కనబడుతుంది. నాలుగైదు గంటలు ఉంటుంది. ఆ తరువాత మందు ప్రభావం పోతుంది. రోగం లోపల అలాగే ఉంటే జ్వరం మళ్లీ వస్తుంది. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోవాలి. పారాసెటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది. జ్వరానికి కారణమైన రోగాన్ని తగ్గించదు. అది ఏ రోగక్రిమినీ చంపదు.

ఈ మందు కథ ఒక పొరపాటుతో మొదలైంది. 1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు కడుపులో పురుగులున్న ఒక రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారు. మందుల దుకాణం నుండి దానికి బదులు అసిటనిలైడ్ అనే మరొక పదార్థం వచ్చింది. పురుగులు పోలేదు గాని రోగి జ్వరం తగ్గింది. వెంటనే అది జ్వరానికి మందుగా అమ్మకానికి వచ్చింది. అయితే అది వాడినవారిలో కొందరికి పెదవులు, గోళ్లు నీలంగా మారేవి. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోవడమే దానికి కారణం. మేలైన మందు కోసం వెదుకులాట సాగింది. పారాసెటమాల్‌ను అమెరికాలో మోర్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అంతకు ముందే, 1870లలోనే, తయారుచేశాడు. కాని చాలాకాలం దానిని ఎవరూ పట్టించుకోలేదు. 1948లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రజ్ఞులు అసిటనిలైడ్ మన శరీరంలో పారాసెటమాల్‌గా మారుతుందనీ, నొప్పిని తగ్గించేది ఆ పారాసెటమాలేననీ తెలిపారు. 1955లో అమెరికాలో పిల్లల సిరప్‌గానూ, 1956లో ఇంగ్లండులో 500 మిల్లీగ్రాముల మాత్రగానూ అది బజారుకు వచ్చింది. వేరొక పరిశోధనకు గాను ఆక్సెల్‌రాడ్ 1970లో నోబెల్ బహుమతి పొందాడు.

నేడు మన దేశం ఈ మందును తాను వాడుకోవడమే కాక ఎన్నో దేశాలకు పంపుతున్నది. హైదరాబాదు సమీపంలోని బొంతపల్లి పారాసెటమాల్ తయారయ్యే చోట్లలో ఒకటి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు, మన వారికి కొరత రాకూడదని మార్చి 3న కేంద్ర ప్రభుత్వం దీని ఎగుమతిని కట్టడి చేసింది. ఆ ఏడాది సూరత్ మగ్గాల నుండి వేలాది గంజాం కార్మికులు ఇళ్లకు తిరిగి వచ్చారు. జ్వరమన్న మాట వింటేనే ఊళ్లు ఉలిక్కిపడిన రోజులవి. ఈ చిన్న మాత్ర విలువ అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

విలువైనదే అయినా, దాని హద్దు తెలియకపోతే ఆపద తప్పదు. మన జిల్లాకు సంబంధించిన మూడు సందర్భాలు చూద్దాం.

మొదటిది మలేరియా. బరంపురంలో పట్టుచీరలు నేసే ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంటి పిల్లవాడు సెలవులకు కొండ ప్రాంతంలోని చుట్టాల ఊరికి వెళ్లి వచ్చాడు. పది పన్నెండు రోజుల తరువాత వణుకుతో జ్వరం వచ్చింది. తల్లి పారాసెటమాల్ మాత్ర ఇచ్చింది. గంటకు చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. "తగ్గిపోయిందండీ అత్తయ్యా! రేపు బడికి పోవచ్చు" అన్నది. మర్నాడు మళ్లీ వణుకు, మళ్లీ మాత్ర, మళ్లీ చల్లదనం. మూడవనాడు నాయనమ్మ ఊరుకోలేదు. "ఒళ్లు చల్లబడితే చాలా అమ్మాయీ? జ్వరం పోతే మళ్లీ ఎందుకు వస్తుంది? పిల్లవాడి రక్తం చూపించండి" అన్నది. ఆశా కార్యకర్త వచ్చి వేలిమీద సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీసి పరీక్ష చేసింది. ఇరవై నిమిషాలలో మలేరియా అని తేలింది.

మలేరియా క్రిమి దోమలలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన తెలుగునేల మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. ఒడిశా కొండ ప్రాంతాలలో ఫాల్సిపారమ్ అనే ప్రమాదకరమైన రకం ఎక్కువ. చికిత్స ఆలస్యమైతే అది మెదడును దెబ్బతీసి ప్రాణం తీయగలదు. కొండ ఊళ్లలో మలేరియాను నిర్మూలించడానికి ఒడిశా ప్రభుత్వం 2017లో 'దమన్' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. రక్తపరీక్షలు, దోమతెరలు ఆ ఊళ్ల గడపలకే వచ్చాయి. అయినా జ్వరాన్ని మాత్రతో అణచి, పరీక్ష వాయిదా వేసే ఇంటిని ఏ కార్యక్రమమూ కాపాడలేదు. మన కథలోని ఇంటివారు మూడు రోజులు పోగొట్టుకున్నారు. నాయనమ్మ మాట వినకపోతే నాలుగవ రోజు కూడా పోయేది. పారాసెటమాల్ ఇవ్వడం తప్పు కాదు. అది ఇచ్చి ఊరుకోవడం తప్పు.

రెండవది డెంగూ. ఇది కూడా దోమ వలన వచ్చే జ్వరమే. వానాకాలంలో నగరాలలో ఎక్కువ. కళ్ల వెనుక నొప్పి, కీళ్లలోనూ ఎముకలలోనూ విపరీతమైన నొప్పులు ఉంటాయి. నొప్పి భరించలేక కొందరు దుకాణానికి పోయి ఘాటైన మాత్రలు అడుగుతారు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు రక్తం గడ్డకట్టడాన్ని ఆటంకపరుస్తాయి, కడుపులో పుండ్లు కలిగిస్తాయి. డెంగూలో అసలే రక్తస్రావం జరిగే భయం ఉంటుంది. ఆ సమయంలో ఈ మందులు నిప్పుకు నెయ్యి తోడైనట్లు అవుతాయి. అందుచేత డెంగూ అని అనుమానం ఉంటే పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేసుకోరాదు. డెంగూలో ఇంకొక విచిత్రం ఉంది. మూడు నుండి ఏడు రోజుల నడుమ జ్వరం దిగిపోతుంది. ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. నిజానికి అపాయకరమైన ఘడియలు అప్పుడే మొదలవుతాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మత్తుగా పడుకొని ఉండడం – వీటిలో ఏది కనబడినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. జ్వరం తగ్గడమూ రోగం తగ్గడమూ వేరువేరని డెంగూ మనకు గట్టిగా నేర్పుతుంది.

మూడవది వడదెబ్బ. 1998 వేసవిలో ఒడిశాలో వడగాలులకు రెండు వేలమందికి పైగా మరణించారు. వడదెబ్బ తగిలినవారి ఒళ్లు 104 డిగ్రీలు దాటి కాలిపోతుంది. మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. చాలామంది దీనిని కూడా జ్వరమే అనుకొని మాత్ర మింగిస్తారు. అది పనిచేయదు. ఎందుకని? జ్వరంలో మెదడు తానే మీటను పైకి జరుపుతుంది. మందు దానిని దించుతుంది. వడదెబ్బలో మీట ఉన్న చోటనే ఉంటుంది. బయటి వేడి లోపలికి చొరబడి, దానిని బయటికి పంపే శక్తి శరీరానికి లేకుండా పోతుంది. ఇల్లు అంటుకున్నప్పుడు పొయ్యిలో కట్టె తీసివేస్తే ఏమి లాభం? నీళ్లు పోయాలి. అలాగే వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి, విసరాలి. చంకలలో, మెడ దగ్గర మంచుగడ్డలు పెట్టాలి. 108 కు ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు గాని మాత్ర గాని వేయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. ఇక వడదెబ్బ తగలకుండా చూసుకోవడానికి మన పెద్దలు చూపిన దారులు ఉండనే ఉన్నాయి. మనం తరవాణి అంటాం, ఒడియా సోదరులు తొరాణి అంటారు. మనం చలివేంద్రం అంటాం, వారు జలఛత్రం అంటారు. పేర్లు ఏవైనా దాహం ఒక్కటే, నీరు ఒక్కటే.

ఇప్పుడు మోతాదు సంగతి చూద్దాం. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఒకసారికి 500 మిల్లీగ్రాముల నుండి ఒక గ్రాము వరకు ఇస్తారు. మోతాదుకూ మోతాదుకూ నడుమ నాలుగు నుండి ఆరు గంటల ఎడం ఉండాలి. ఒక పగలూ రాత్రీ కలిపి నాలుగు గ్రాములు దాటరాదు. ఇది దాటరాని హద్దే గాని, చేరుకోవలసిన గురి కాదు. తక్కువతో పని జరిగితే తక్కువే మంచిది. కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం తాగేవారు, తిండి లేక చిక్కిపోయినవారు ఇంకా తక్కువ వాడాలి. వారు వైద్యుని అడగకుండా వేసుకోకూడదు.

హద్దు తెలిసినవారు కూడా తెలియకుండా దాటిపోయే వీలుంది. క్రోసిన్, కాల్పాల్, డోలో – ఇవి మూడు మందులు కావు. ఒకే పారాసెటమాల్‌కు వేర్వేరు కంపెనీలు పెట్టుకున్న పేర్లు. జలుబు మాత్రలలోనూ, కొన్ని ఒళ్లునొప్పుల మాత్రలలోనూ పారాసెటమాల్ కలిసి ఉంటుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకరు జ్వరానికి 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు నాలుగుసార్లు వేసుకున్నారు. అది 2,600 మిల్లీగ్రాములు. జలుబుకని వేరొక మాత్ర నాలుగుసార్లు వేసుకున్నారు. అందులో 500 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ ఉంది. అది 2,000. రెండూ కలిపితే 4,600. హద్దు 4,000. ఆ మనిషి తాను రెండు రోగాలకు రెండు మందులు వేసుకున్నాననుకుంటున్నాడు. అతని కాలేయం మాత్రం ఒకే మందును హద్దు మీరి మోస్తున్నది.

కాలేయానికి ఏమవుతుంది? మనం మింగిన పారాసెటమాల్‌లో అధిక భాగాన్ని కాలేయం నిరపాయంగా మార్చి మూత్రం ద్వారా బయటికి పంపుతుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. దానిని విరిచే గ్లూటాథయోన్ అనే పదార్థం కాలేయంలో నిల్వ ఉంటుంది. మందు హద్దు మీరితే విషం పెరుగుతుంది, నిల్వ తరుగుతుంది. చివరకు విషం కాలేయ కణాలనే చంపుతుంది. అన్నిటికంటె మోసకరమైన సంగతి ఏమిటంటే, మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. కొంచెం వికారం, వాంతి, అంతే. రెండు మూడు రోజులకు కడుపు కుడివైపున నొప్పి, కళ్లు పచ్చబడడం మొదలవుతాయి. అప్పటికి చాలా నష్టం జరిగి ఉంటుంది. దీనికి విరుగుడు ఉంది. దాని పేరు ఎసిటైల్ సిస్టీన్. అది తరిగిపోయిన నిల్వను మళ్లీ నింపుతుంది. ఎనిమిది గంటల లోపున ఇస్తే ఇంచుమించు ప్రతి రోగీ బయటపడతాడు. కనుక ఎవరైనా పొరపాటున గాని, మరే కారణాన గాని ఎక్కువ మాత్రలు మింగినట్లు తెలిస్తే, "బాగానే ఉన్నాడు కదా" అని వేచి చూడరాదు. ఖాళీ అట్టతో సహా వెంటనే పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాలి. దక్షిణ ఒడిశా ప్రజలకు పెద్ద ఆసుపత్రి అంటే బరంపురంలో 1962లో ఏర్పడిన వైద్య కళాశాల ఆసుపత్రి. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు దానికి పెట్టారు.

చిన్నపిల్లల విషయంలో మరింత మెలకువ కావాలి. వారికి మోతాదును వయస్సును బట్టి కాక బరువును బట్టి లెక్కకడతారు. ఒక కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. పది కిలోల బిడ్డకు 100 నుండి 150 మిల్లీగ్రాములు అన్నమాట. పిల్లల మందు సీసాలు మూడు రకాలుగా దొరుకుతాయి. కొన్ని సిరప్పులలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటే, కొన్నిటిలో 250 ఉంటాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటాయి. చుక్కల మందును సిరప్పు అనుకొని 5 మిల్లీలీటర్లు పోస్తే ఆ పసివానికి 500 మిల్లీగ్రాములు పట్టించినట్లే! అది పెద్దవారి మాత్రతో సమానం. అందుకే సీసాతో వచ్చిన కొలతతోనే పోయాలి. వంటింటి చెంచాతో పోయరాదు. మూడు నెలలు నిండని శిశువుకు జ్వరం వస్తే మందు వేయడానికి ఆలోచించకుండా వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. పిల్లలకు వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ ఇవ్వరాదు. కొన్ని వైరస్ జ్వరాలలో అది మెదడుకు, కాలేయానికి కీడు చేస్తుంది. నిమెసులైడ్ అనే జ్వరం మందును 12 సంవత్సరాల లోపు పిల్లలకు ఇవ్వడాన్ని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది.

ఇవన్నీ వింటే ఈ మాత్రను ముట్టుకోవడానికే భయం వేస్తుందేమో! భయం అవసరం లేదు. కొలత ప్రకారం వాడితే నొప్పిని, జ్వరాన్ని తగ్గించే మందులలో అత్యంత నిరపాయకరమైన వాటిలో పారాసెటమాల్ ఒకటి. జ్వరంతో మూలుగుతున్న బిడ్డకు కాస్త నిద్ర, నాలుగు ముద్దల అన్నం తినే ఓపిక, తల్లికి కొంత ఊరట కలిగిస్తుంది. అది చిన్న మేలు కాదు. కాని ఆ ఊరట మనకు దొరికిన వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో కారణం వెదకాలి. జ్వరం రెండు రోజులు దాటినా, వణుకుతో వచ్చినా రక్తపరీక్ష చేయించాలి. మెడ బిగుసుకుపోయినా, మూర్ఛ వచ్చినా, ఊపిరి భారమైనా రెండు రోజులు చూడకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చివరగా ఒక మాట. మాత్ర అట్ట వెనుక సన్నని అక్షరాలతో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి వరకు పనికివస్తుంది అనే సంగతులు రాసి ఉంటాయి. ఆ అక్షరాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. మన ఇళ్లలో చాలామంది పెద్దలకు అవి చదవడం రాదు. మీరు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపులూ నేర్చుకుంటున్నారు. ఆ చదువు పరీక్షలకు మాత్రమే కాదు. ఈసారి ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడు అట్ట తిప్పి చూడండి. అసలు పేరు బిగ్గరగా చదవండి. రెండు అట్టలు ఉంటే రెంటినీ చదివి పోల్చండి. ఎన్ని గంటలకు ఎంత వేసుకున్నారో ఒక కాగితం మీద రాయండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ కాగితం వైద్యునికి చూపండి. 1815లో గంజాం ప్రజలకు మందు లేదు. మనకు మందు ఉంది. దానిని చదివి వాడుకునే చదువు కూడా ఉంది.